బూట్లు విప్పిన చోట

జనగామ,
మార్చి మొదటి వారం.

తమ్ముడు భూపాల్‌కు,

క్షేమమా అని అడిగి మొదలుపెట్టే మనసు ఇవాళ నాకు లేదు. నేరుగా విషయానికి వస్తున్నాను.

నిన్న మళ్ళీ ఫోన్ చేశావు. "అక్కా" అన్న ఒక్క మాట నీ నోట్లో ముక్కలై, ముద్దముద్దగా వచ్చింది. పెట్టేశాను. పక్కన మీ బావ ఉన్నారు. "ఎవరు?" అంటే రాంగ్ నంబర్ అన్నాను. ఇక ఆ గొంతుతో నాకు ఫోన్ చేయకు. చెప్పాల్సింది ఉంటే కాగితం మీద రాసి మా బడి చిరునామాకు పంపు. వాట్సాప్ వద్దు. నా ఫోన్ పొద్దంతా శ్రీనిధి చేతిలోనే ఉంటోంది, పెళ్ళి చీరల ఫొటోలు చూసుకుంటూ.

దాని ఎంగేజ్‌మెంట్ రోజు జరిగింది నీకు గుర్తుందో లేదో. నేనే చెబుతాను. మేనమామవని పళ్ళెం నీ చేతికిచ్చాను. పట్టుచీర, పళ్ళు, పసుపు, కుంకుమ. గుమ్మం దగ్గర బూట్లు విప్పి లోపలికి వచ్చావు. నాలుగడుగులు వేశావో లేదో, కాలు ఈడ్చుకుంటూ జంపఖానా మీద బోర్లా పడ్డావు. పళ్ళెం వెళ్ళి పెళ్ళిపిలగాడి తల్లి యాదవ్వ గారి ఒళ్ళో పడింది. ఆమె చీర నిండా కుంకుమ. ఎవరో నవ్వారు. నిన్ను లేపుతూ "తాగొచ్చినవారా?" అని చెవిలో అడిగాను. నా మొహం చూసి తల దించుకున్నావు. కాదని ఒక్కసారి అంటే నమ్మేదాన్ని. అనలేదు.

నీ భార్య స్వరూప గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ఆ నిలబడటం నాకు తెలుసు. నాన్నను కల్లు దుకాణం నుంచి ఎవరో మోసుకొస్తే అమ్మ అట్లాగే నిలబడేది. తాగుబోతు రాజయ్య పిల్లలన్న పేరు పోగొట్టుకోవడానికి నాకు సగం జీవితం పట్టింది. ఊళ్ళో ఇప్పుడు నన్ను టీచరమ్మ అంటారు. నువ్వు ఒక్క పూటలో మళ్ళీ రాజయ్య బిడ్డను చేశావు.

వెనక తలుపు నుంచి నిన్ను ఆటో ఎక్కించి పంపాను. అది తప్పని నేను అనుకోవడం లేదు.

రజని


నాంపల్లి, హైదరాబాద్,
మార్చి మధ్యలో.

అక్కకు,

ఉత్తరం అందింది. నా అక్షరాలు చూసి ఏమీ అనుకోకు. పెన్ను పట్టి చాలా కాలమైంది, గీతలు దాటి పోతున్నాయి.

నువ్వు రాసినదాంట్లో నేను కాదనేది ఏమీ లేదు. యాదవ్వ గారికి నా తరఫున క్షమాపణ చెప్పు. శ్రీనిధికి ఏం చెప్పమనాలో నాకు తెలియడం లేదు. అది చిన్నప్పుడు నా భుజాల మీద కూర్చుని నుమాయిష్ ఎగ్జిబిషన్ అంతా తిరిగిన పిల్ల. ఆ రోజు అది నా వైపు చూసిన చూపు ఇంకా కళ్ళ ముందే ఉంది.

దుకాణంలో కూడా తెలిసింది. ఆబిడ్స్‌లో మా కళ్ళద్దాల దుకాణం యజమాని విశ్వనాథ్ గారు, నేను బస్సు దిగి తూలుతూ రావడం అద్దంలోంచి చూశారట. లోపలి గదిలోకి పిలిచి తలుపు దగ్గరగా వేశారు.

"ఏంటయ్యా భూపాల్, పొద్దున్నే మొదలెడుతున్నావా? మా నాన్నగారు గుంటూరు నుంచి వచ్చి ఈ షాపు పెట్టినప్పటి నుంచీ తాగి డ్యూటీకి వచ్చినవాడు ఒక్కడూ లేడు. నిన్ను పంపించేయడానికి మనసు రావట్లేదు. ఆదివారం నాతో రా."

కాచిగూడలో తాగుడు మానాలనుకునేవాళ్ళు కూర్చుని మాట్లాడుకునే గది ఒకటి ఉందట. తానే తీసుకెళ్తానన్నారు. సరేనన్నాను.

బాగవుతాను అక్కా. పెళ్ళి నాటికి మనిషినవుతాను.

భూపాల్


జనగామ,
మార్చి చివర.

భూపాల్‌కు,

విశ్వనాథ్ గారి కాళ్ళకు దండం పెట్టాలనిపించింది. నాన్నకు అట్లాంటి మనిషి ఒక్కడు దొరికి ఉంటే అమ్మ ఇంకొన్నాళ్ళు బతికేది. వెళ్ళు. మానకుండా వెళ్ళు. అక్కడ చెప్పినట్టు చెయ్యి.

నీ రాత చూసి భయమేసింది. ఆరో తరగతిలో నీ చేతిరాతకు బహుమతి వచ్చింది. ఇప్పుడు నా బడిలో రెండో తరగతి పిల్లలు ఇంతకంటే నయంగా రాస్తారు. తాగుడు మనిషిని ఎంత తినేస్తుందో చూడు.

కష్టమైన మాట ఒకటి చెప్పాలి. పెళ్ళి మే నెలలో ఖాయమైంది. పిల్లను మండపానికి తీసుకురావాల్సిన మేనమామవు నువ్వే. కానీ ఆ రోజు తర్వాత మీ బావ ఒప్పుకోవడం లేదు, నాకూ ధైర్యం లేదు. మన బాబాయి కొడుకు రాజేందర్‌తో ఆ పని చేయిద్దామనుకుంటున్నాం. నువ్వూ స్వరూపా వచ్చి వెనక వరసలో కూర్చుని, అక్షింతలు వేసి వెళ్ళండి. కోపం తెచ్చుకోకు.

పిలగాడి వాళ్ళు ఆ రోజే నిన్ను గురించి అడిగారు. ఏదో సర్ది చెప్పాను. దాని గురించి నువ్వు ఆలోచించకు.

రజని


నాంపల్లి,
ఏప్రిల్ మొదట్లో.

అక్కకు,

కోపం లేదు. రాజేందర్ నిటారుగా నడుస్తాడు. అతనే సరైనవాడు.

కాచిగూడ వెళ్ళాను. మేడ మీద చిన్న గది, ప్లాస్టిక్ కుర్చీలు, గోడకు ఒక ఫ్యాను. కరుణాకర్ అని ఆటో నడిపే ఆయన ముందుగా మాట్లాడాడు. బడి నుంచి కూతురిని తీసుకురావాల్సినవాడు తాగి గౌలిగూడ బస్టాండు గోడ పక్కన పడిపోయాడట. చీకటి పడేదాకా ఆ పిల్ల బడి గేటు దగ్గరే నిలబడి ఉందట. "నా బిడ్డ గిప్పుడు పెద్దగైంది. మర్శిపోయిన అంటది. గానీ దాని మొకం జూస్తే నాకింక సిగ్గే అన్నా," అని ఏడ్చాడు. తర్వాత నా వైపు తిరిగి, "నువ్వు జెప్పు అన్నా. నీకెట్ల షురువైంది?" అన్నాడు.

చెప్పాను. అందరూ కళ్ళు తుడుచుకున్నారు, చప్పట్లు కొట్టారు. కరుణాకర్ లేచి వచ్చి నన్ను కావలించుకున్నాడు. విశ్వనాథ్ గారు కారులో తిరిగి వస్తూ, "మంచి మనిషివయ్యా, గెలుస్తావు," అని భుజం తట్టారు. ఇంటికొచ్చి అన్నం తినకుండానే లేచిపోయాను. స్వరూప అడిగితే తలనొప్పి అన్నాను.

ఎండలు ముదిరాయి. నువ్వు ఎండలో తిరగకు.

భూపాల్


జనగామ,
ఏప్రిల్ మధ్యలో.

భూపాల్,

మొన్న శనివారం పెళ్ళి బట్టల కోసం హైదరాబాద్ వచ్చాను. నీకు చెప్పలేదు. శ్రీనిధిని, మీ బావను కోఠిలో జాకెట్టు గుడ్డల దగ్గర వదిలి, దారం కొనుక్కొస్తానని అబద్ధం చెప్పి ఆబిడ్స్‌కు నడిచాను. నువ్వు తాగుతున్నావో మానావో దూరం నుంచి ఒక్కసారి చూసి పోదామని.

మీ దుకాణం దాకా రాకుండానే నువ్వు కనిపించావు. పెద్ద పోస్టాఫీసుకు ఇవతల, ఒక మూసిన షట్టరు మెట్ల మీద కూలబడి ఉన్నావు. స్వరూప నీ తల మీద నీళ్ళు పోస్తోంది. నీ చొక్కా గుండీలు విప్పి ఉన్నాయి, లోపల ఏదో లావుపాటి బనియను లాంటిది. ప్యాంటు మోకాలి దాకా జరిగి ఉంది. కాలికి నల్లటి పట్టీ, దానికి ఒక చిన్న డబ్బా, డబ్బా మీద ఎర్రగా మెరిసే దీపం.

అట్లాంటిది నేను టీవీలో చూశాను. బెయిలు మీద వదిలినవాళ్ళు పారిపోకుండా పోలీసులు కాలికి కడతారు.

దగ్గరికి రాలేదు. ఒకామె "ఏమైందమ్మా ఆయనకు?" అని నన్నే అడిగింది. తెలియదని చెప్పి వెనక్కి తిరిగాను. కోఠి దాకా ఎట్లా నడిచానో తెలియదు.

ఏ కేసులో ఇరుక్కున్నావు? తాగి ఎవరినైనా కొట్టావా? ఎవరి మీదికైనా బండి ఎక్కించావా? ఏం చేసినా సరే, ఈసారి నిజం రాయి. పెళ్ళి రోజు పోలీసులు గుమ్మంలోకి రావడం కంటే ఇప్పుడే తెలియడం మంచిది.

రజని


నాంపల్లి,
ఏప్రిల్ చివరి వారం.

అక్కా,

కేసు కాదు. అది నాకు ఎవరూ కట్టలేదు, నేనే కట్టుకున్నాను.

ఈ ఉత్తరం స్వరూప రాస్తోంది, నేను చెబుతున్నాను. మధ్యలో తను ఏడిస్తే ఆగి మళ్ళీ మొదలుపెడుతున్నాం.

నేను తాగను. ఎప్పుడూ తాగలేదు. నాన్నను చూసినవాణ్ణి, వాసన కూడా పడదు నాకు.

రెండేళ్ళ కింద ఒక రోజు దుకాణంలో కుడి కన్ను తిప్పితే నొప్పి పుట్టింది. తర్వాత ఆ కంటికి ఎరుపు ఎరుపులా కనపడటం మానేసింది. సిగ్నలు దీపం వెలిసిన ఇటుకలా ఉండేది. దుకాణంలో అందరి కళ్ళూ పరీక్షించేవాణ్ణి, నా కన్ను సంగతి ఎవరికీ చెప్పలేదు. కొన్నాళ్ళకు ఎడమ కాలి వేళ్ళు లేవకుండా నేలకు తగలడం మొదలైంది. నాంపల్లిలోనే ఒక క్లినిక్‌లో చూపించుకున్నాను, స్కానింగులు తీశారు. మల్టిపుల్ స్క్లెరోసిస్ అన్నారు. కరెంటు తీగకు పైన ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది కదా, నరాలకూ అట్లాంటి తొడుగు ఉంటుందట. మన ఒంట్లోని రక్షణ బలగమే పొరపాటుపడి దాన్ని కొరికేస్తుందట. కాలికి పోవాల్సిన కబురు దారిలో చెదిరిపోతుంది. నోటికి పోయేది కూడా. అందుకే నా మాట అట్లా వస్తుంది. అలసిపోతే, ఎండ తగిలితే ఇంకా ఎక్కువ.

డాక్టరు ఇచ్చిన మందులు వాడుతున్నాను. దానితోపాటు ఒంటికి కట్టుకునేవి ఉన్నాయి. నువ్వు చూసిన నల్లపట్టీ నా పాదాన్ని లేపుతుంది. బూటులో మడమ కింద ఒక మీట ఉంటుంది. మడమ నేల నుంచి లేవగానే అది పట్టీకి చెబుతుంది, పట్టీ నరానికి చిన్న కరెంటు ఇస్తుంది, వేళ్ళు పైకి లేస్తాయి. బనియను లాంటిది చల్లటి పలకలు పెట్టుకునే కోటు. ఆ శనివారం పలకలు కరిగిపోయాయి, అందుకే స్వరూప నీళ్ళు పోసింది. చేతికి వాచీలా కనపడేది నా నడకను, తూలడాన్ని, పడటాన్ని క్లినిక్‌కు పంపుతుంది.

మీ ఇంట్లో బూట్లు విప్పాను అక్కా. మీట బూటులో ఉండిపోయింది. పట్టీ ఉండీ లేనట్టే. ఎంగేజ్‌మెంట్ ఇంట్లో బూట్లతో నడుస్తానని ఎట్లా అడగను? నాలుగడుగులే కదా అనుకున్నాను.

నేను పడ్డ సంగతి వాచీ ఆ సాయంత్రానికే చెప్పేసింది. క్లినిక్‌లో నడక నేర్పే సాయిసుధ గారు ఫోన్ చేసి, "పడ్డారు కదా భూపాల్ గారూ? తర్వాత లేచి నడిచినట్టే లేదేంటి?" అని అడిగారు. వాచీ చేజారి కింద పడిందన్నాను. మర్నాడు నా మోకాలి వాపు చూసి ఆమె ఇంకేమీ అడగలేదు. మనుషులకు చెప్పే అబద్ధం ఆ వాచీకి చెప్పలేకపోతున్నాను. అదొక్కటే నన్ను తాగుబోతు అనుకోలేదు.

కాదని ఒక్కసారైనా అనలేదని రాశావు. తాగే మేనమామ ఏ ఇంట్లో లేడు? నవ్వి ఊరుకుంటారు. నరాల జబ్బు మేనమామ అంటే పిల్ల ఒంటి మీద అనుమానం వస్తుంది. పెళ్ళి అయ్యేదాకా తాగుబోతుగానే ఉందామనుకున్నాను.

ఇదంతా శ్రీనిధి కోసమే అని రాయిస్తే నేను గొప్పవాణ్ణయిపోతాను. అది కూడా నిజం కాదు. కంటిజబ్బు ఉన్నవాడి దగ్గర కళ్ళద్దాలు ఎవరు కొంటారని భయపడ్డాను. తాగుబోతును బాగు చేయాలని విశ్వనాథ్ గారికి ముచ్చటగా ఉంది. రోగిని ఏం చేస్తారు? పైగా, నన్ను చూసి జాలిపడటం కంటే తిట్టడమే నాకు తేలికగా ఉంది. కాచిగూడ గదిలో నేను చెప్పిన కథ నాన్నది. నాన్న చేసినవన్నీ నేను చేసినట్టు చెప్పాను. ఆ కరుణాకర్ నిజంగా ఏడ్చి నన్ను కావలించుకుంటే, నాన్న కథతో నిలబడి చప్పట్లు కొట్టించుకున్నాను.

అన్నిటికంటే పెద్ద సిగ్గు నా పక్కనే కూర్చుని ఈ ఉత్తరం రాస్తోంది. మా వాడకట్టులో అందరూ దీన్ని తాగుబోతు పెండ్లాం అంటారు. అమ్మ నిలబడినట్టు నిలబడిందన్నావు. అట్లా నిలబెట్టింది నేనే, అదీ చుక్క ముట్టకుండా.

పెళ్ళయ్యేదాకా ఎవరికీ చెప్పకు. చేతులెత్తి అడుగుతున్నాను.

భూపాల్


జనగామ,
మే మొదటి రోజుల్లో.

తమ్మీ,

ఏమని రాయను. మూడు కాగితాలు చింపాను.

నోట్లోంచి మాట సరిగ్గా రాని తమ్ముడి ఫోన్ పెట్టేసి రాంగ్ నంబర్ అన్నాను. నీళ్ళు పోయించుకుంటున్న వాణ్ణి చూసి తెలియదన్నాను. పిల్లల ముఖం చూడగానే ఎవరు అన్నం తినకుండా వచ్చారో చెప్పగలనని బడిలో గొప్పలు పోతాను. నా తమ్ముడి మీద వాసన లేదని ఆ రోజు నాకు తట్టలేదు. నీ నోటికి అంత దగ్గరగా వంగి అడిగానే! నాన్న వాసన నా ముక్కులోనే ఉండిపోయిందేమో. ఒక్కోసారి అనుకుంటున్నాను, నాన్నకు కూడా ఇట్లాంటిదేదో ఉండేదేమోనని.

నువ్వు చెప్పొద్దన్నది నిలబెట్టలేకపోయాను. శ్రీనిధి నా సంచిలో ఉత్తరం చూసి చదివింది. వంటింట్లోకి వచ్చి, "అమ్మా, మామను వెనక వరుసల కూసోవెడ్తవా?" అంది. ఇంకేమీ అనలేదు. గదిలోకి పోయి పిలగాడు ప్రసన్నకుమార్‌కు ఫోన్ చేసి నీ జబ్బు సంగతి చెప్పేసింది. మీ బావ తల పట్టుకున్నారు. నేను దాన్ని ఆపలేదు. ఆపే మొహం నాకు లేదు.

మర్నాడు యాదవ్వ గారు ఫోన్ చేశారు. "గిది మా మనుమలకు వస్తదా టీచరమ్మా?" అని అడిగారు. నాకు తెలియదన్నాను. "డాక్టరమ్మనే అడుగుతం" అని పెట్టేశారు. తల్లీకొడుకులు హైదరాబాద్ వస్తారట. పెళ్ళి పిలుపులు ఆపాం. శ్రీనిధి మాత్రం నిబ్బరంగా ఉంది. రాత్రి పూట తలుపు వేసుకుంటోంది, అదొక్కటే.

ఇంకొక మాట ఉంది. రాయలేకపోతున్నాను.

అక్క


ఆబిడ్స్, హైదరాబాద్,
మే మొదటి వారం దాటాక.

అక్కకు,

దుకాణంలోనే కూర్చుని రాస్తున్నాను. నా చేత్తోనే. మెల్లగా రాస్తే వస్తోంది.

నీ ఉత్తరం రాగానే విశ్వనాథ్ గారికి అంతా చెప్పాను. ఇతరుల నోటి నుంచి తెలియకూడదని. ఆయనకు కోపం వచ్చింది. "నన్నెందుకయ్యా అంత పిచ్చివాణ్ణి చేశావు? నీకోసం శనివారాలు ఉపవాసం ఉన్నాను నేను!" అన్నారు. అవును, ఉన్నారట. నాకు తెలియదు. రెండు రోజులు నాతో పలకలేదు. మూడో రోజు వచ్చి, చూపు పరీక్షలు ఇక నేను చేయొద్దని, ఫ్రేములు చూపించే కౌంటరులో కూర్చోమని చెప్పారు. ఆ పని నాకు ఇష్టం అక్కా, చూపు చూసే పని. కానీ ఆయన అన్నది న్యాయమే. చల్లపలకలు పెట్టుకోవడానికి వెనక గదిలో ఫ్రిజ్ ఖాళీ చేయించారు. కోటు ఇప్పుడు చొక్కా పైనే వేసుకుంటున్నాను.

కాచిగూడకు కూడా వెళ్ళి చెప్పాను. కరుణాకర్ కుర్చీ నా వైపు తిప్పుకున్నాడు. "మేమంత కడుపుల ఉన్నది కక్కినం అన్నా. నువ్వు మమ్ముల జూస్త కూసున్నవ్," అన్నాడు. బయటకొచ్చేటప్పుడు ఎవరూ లేవలేదు. అది నాకు రావాల్సిందే.

అసలు సంగతికి వస్తాను. గురువారం మధ్యాహ్నం దుకాణం తలుపు తోసుకుని ఒకామె, వెనక ఒక అబ్బాయి వచ్చారు. నేను కోటుతో, కాలి మీద పట్టీతో కౌంటరు ఇవతలకు నడిచి వచ్చాను. ప్రసన్నకుమార్ నమస్తే పెట్టి, "మా అమ్మ," అన్నాడు. యాదవ్వ గారు నన్ను కింద నుంచి మీదికి చూసి, "మీరు... టీచరమ్మ తమ్ముడా? గా దినం వంటోళ్ళ మనిషన్నది గద!" అన్నారు.

అబ్బాయి "అమ్మా" అన్నాడు. ఆమె నోటి మీద చెయ్యి పెట్టుకున్నారు. నేను కూర్చోండి అన్నాను. నీళ్ళు తెచ్చాను.

సర్ది చెప్పానని నువ్వు రాసింది అదే అన్నమాట.

ముగ్గురం నాంపల్లి క్లినిక్‌కు వెళ్ళాం. డాక్టరు గారు ఊళ్ళో లేరు, సాయిసుధ గారే కూర్చోబెట్టి మాట్లాడారు. "ఇది అంటుకునేది కాదమ్మా. తాత నుంచి మనవడికి నేరుగా దిగేదీ కాదు. దగ్గరి రక్తసంబంధం ఉంటే అవకాశం కొంచెం ఎక్కువే, అబద్ధం చెప్పను. అయినా అది చాలా చాలా తక్కువ. ఇంకా అనుమానముంటే డాక్టరు గారు వచ్చాక అడగండి," అన్నారు. యాదవ్వ గారు అదే ప్రశ్న తిప్పి తిప్పి అడిగారు. సాయిసుధ గారు విసుక్కోకుండా చెప్పారు. తర్వాత యాదవ్వ గారు నా కాలి పట్టీ చూపించమన్నారు. బూటు వేసుకుని ఒకసారి, విప్పి ఒకసారి నడిచి చూపించాను. విప్పి నడిచినప్పుడు ఆమె మొహం తిప్పుకున్నారు.

మెట్ల దగ్గర నన్ను ఆపి, "గా దినం మీరు వడ్డప్పుడు నవ్వింది నేనే. చీర ఖరాబైందని మండి నవ్విన. గిట్లని ఎర్కలేకపాయె," అన్నారు. "పెండ్లి ఆగది. మేనమామనే పిల్లను తోలుకరావాలె. వేరేటోళ్ళు వద్దు."

నాన్న గురించి అడిగావు. లేదక్కా. నాన్న తాగేవాడు. అంతే. నా రోగం ఇచ్చి ఆయన్ను మంచివాణ్ణి చేయకు.

నన్ను వంటోళ్ళ మనిషి అన్నావని తెలిసి రెండు రోజులైంది. ఆలోచిస్తే వంటవాళ్ళదేం తప్పు, వాళ్ళు కష్టపడి బతుకుతున్నారు. అయినా గుచ్చుకుంటోంది.

భూపాల్


జనగామ,
మే మధ్యలో.

తమ్మీ,

నేను రాయలేకపోయిన మాట అదే. ఆమె నోటి నుంచి నీకు తెలిసింది. నా నోటి నుంచి తెలియాల్సింది.

ఎట్లా జరిగిందో చెబుతాను, నన్ను నేను కాపాడుకోవడానికి కాదు. నిన్ను ఆటో ఎక్కించి లోపలికి వస్తే యాదవ్వ గారు చీర తుడుచుకుంటూ "గాయనెవరు?" అన్నారు. ఆలోచించడానికి ఒక్క క్షణం కూడా తీసుకోలేదు. "వంటోళ్ళ మనిషి, పళ్ళెం అందిస్తనని వచ్చిండు" అనేశాను. ఎంత సులువుగా వచ్చిందంటే, ఎప్పటి నుంచో నాలుక మీదే ఉన్నట్టు వచ్చింది. నీ బూట్లు తీసుకోవడానికి వచ్చిన స్వరూప పక్కనే ఉంది. విన్నది. నీకు చెప్పలేదు చూడు. అన్ని నెలలు నీ అబద్ధంతో పాటు నాది కూడా మోసింది.

దానికి ఫోన్ చేశాను. "వదినా, అయిపోయింది లే," అంది. తిట్టి ఉంటే బాగుండేది.

నిన్న మీ బావను, రాజేందర్‌ను, ఇంటి పెద్దలను కూర్చోబెట్టి అంతా చెప్పాను, నేను అన్న మాటతో సహా. పెద్దమ్మ "ఛీ" అంది. ఆ "ఛీ" నీకు చేరాలని రాస్తున్నాను. రాజేందర్ తానే వచ్చి, "అన్న వస్తే నేను ఎన్క నడుస్త," అన్నాడు.

ముహూర్తం ఉదయమే పెట్టించాం, ఎండ ఎక్కకముందు. ఐస్ పెట్టెలు మాట్లాడాను. మండపం మీద బూట్లు కుదరవు కాబట్టి, మీటను గుడ్డ సాక్సులో కుట్టి వేసుకోవచ్చని సాయిసుధ గారు చెప్పారట, స్వరూప చెప్పింది. పంతులు గారిని అడిగాను. "గుడ్డే కదమ్మా, ఏం దోషం లేదు," అన్నారు.

రమ్మని అడిగే హక్కు నాకు లేదు. అయినా అడుగుతున్నాను. శ్రీనిధి కోసం రా. నా కోసం రాకపోయినా సరే.

అక్క


నాంపల్లి,
మే చివర.

అక్కకు,

పెళ్ళి హడావుడిలో నీతో రెండు మాటలైనా మాట్లాడలేదు. మాట్లాడలేకనే అనుకో. ఇద్దరం ఒకరి కళ్ళు ఒకరం తప్పించుకుంటూనే తిరిగాం.

పంచె కట్టుకుని రావడం నా ఇష్టంతోనే. ప్యాంటు అయితే పట్టీ దాగేది. తెల్లటి పంచె కింద నల్లటి సాక్సు చూసి పిల్లలు గుసగుసలాడారు, విన్నాను. మొహం మండిపోయింది. సిగ్గు పోయిందని నీకు రాయలేను. శ్రీనిధి నా మోచెయ్యి పట్టుకుని, "మామా, జల్దేం లేదు," అంది. డోలు వాళ్ళు నా నడకను చూసి దరువు మెల్లగా చేశారు. ఎవరు చెప్పారో తెలియదు. మండపం మెట్టు ఎక్కేటప్పుడు పాదం లేచింది. పిల్లను కూర్చోబెట్టాను. అంతవరకే నాకు గుర్తుంది, తర్వాత కళ్ళ నిండా నీళ్ళు.

మైకులో నువ్వు "మేనమామ, మా సొంత తమ్ముడు భూపాల్, సొంత తమ్ముడు" అన్నావు. రెండుసార్లు అన్నావు. జనంలో కొందరు ఎందుకో అర్థం కాక చూశారు. నాకు అర్థమైంది. ఆ వంటోళ్ళ మాట ఇంకా పూర్తిగా పోలేదు అక్కా, దాచను. పోవడానికి టైం పడుతుంది. నా అబద్ధం నీలోంచి పోవడానికీ పడుతుంది. ఈలోగా రాస్తూ ఉందాం.

తిరుగు ప్రయాణం సంగతి చెప్పి ఆపుతాను. పంచె మార్చి ప్యాంటు వేసుకుని జనగామలో రైలు ఎక్కేసరికి బాగా అలిసిపోయాను. పలకలు కరిగిపోయాయి. పెట్టెలో తూలుతూ వెళ్ళి ఒక సీటు పట్టుకుంటే, అక్కడున్న ఆయన తన భార్యను కిటికీ వైపు జరిపి, నాకు అడ్డంగా సంచి పెట్టాడు. "పెండ్లిల గట్టిగనే కొట్టినట్టున్నవ్. అవుతల నిలవడు," అన్నాడు. అందరూ చూశారు. స్వరూప ఎప్పటిలాగే తల వంచి గోడ వైపు జరిగింది.

అట్లా జరగడం చూశాక ఊరుకోలేకపోయాను. ఉన్న మనుషులందరి ముందు ప్యాంటు మోకాలి దాకా లాగాను. పట్టీ చూపించాను. మాట ముద్దగానే వచ్చింది, అయినా గట్టిగా అన్నాను. "తాగలేదన్నా. గిది నరాల రోగం. గీ మిషన్ లేకుంటే నా కాలు లేవది. ఈమె నా భార్య, దినాం నన్ను గిట్లనే పట్టుకోని నడుస్తది."

ఆయన పట్టీని చూశాడు, స్వరూపను చూశాడు. మొహం నల్లబడిపోయింది. సంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు, లేచి నిలబడబోయాడు. ఆ మొహం నాకు బాగా తెలిసిన మొహం. గెలిచానని సంతోషం కలుగుతుందేమో అనుకున్నాను, కలగలేదు. చెయ్యి పట్టి కూర్చోబెట్టాను. "జర జరుగన్నా, అందరం పడతం," అన్నాను. జరిగాడు. స్వరూప నా పక్కన కూర్చుంది. నాంపల్లి వచ్చేదాకా ఆయన భార్య స్వరూపతో ఏవో పెళ్ళి కబుర్లు అడుగుతూనే ఉంది.

నీ తమ్ముడు,
భూపాల్